ఇసుక మీద ఆనకట్ట – సర్ ఆర్థర్ కాటన్

కొత్తపేట వైపు నుంచి రాజోలు సీమకు పోయేవారు పి. గన్నవరం వద్ద వైనతేయ గోదావరిని దాటుతారు. అక్కడ ఒక వింత కనిపిస్తుంది. కింద ఏరు సముద్రం వైపు సాగిపోతూ ఉంటుంది. దానికి అడ్డంగా, ఎంతో ఎత్తున, మరొక ప్రవాహం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటిపోతుంది. నది మీదుగా కాలువను నడిపించే ఆ కట్టడాన్ని అక్కడి జనం అక్విడక్టు అంటారు. నేడు నీటిని మోస్తున్నది ఇటీవలి కాలంలో కట్టినది. అన్నదానానికి పేరొందిన డొక్కా సీతమ్మ పేరు దానికి పెట్టారు. దాని చెంతనే 49 కమానులతో పాత అక్విడక్టు నిలిచి ఉంది. అది పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలం నాటిది. సుమారు 150 సంవత్సరాలు కాలువ నీటిని మోసి, ఆ పనిని కొత్త కట్టడానికి అప్పగించింది.

ఆ కమానుల కింద గట్టి రాతి నేల లేదు. ఎంత లోతు తవ్వినా ఇసుకే. గోదావరి ప్రతి ఏటా కదిలించి, తోసి, కొత్త చోట మేటవేసే ఇసుక అది. అటువంటి నేల మీద అంతటి బరువును నిలబెట్టే ధైర్యం ఆనాటి ఇంజనీర్లకు ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే, కోనసీమ దాటి, తెలుగునాడు దాటి, తమిళదేశంలోని ఒక పురాతనమైన రాతి కట్ట దగ్గరకు చేరుకుంటాము. ఆ కట్టను శ్రద్ధగా చూసి, దాని మర్మం గ్రహించిన వ్యక్తి ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను కాటన్ దొర అని పిలుచుకున్నారు.

ఆర్థర్ కాటన్ 1803 మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించాడు. పదకొండుమంది అన్నదమ్ములలో ఆయన పదవవాడు. ఆడిస్‌కోంబ్‌లో ఈస్టిండియా కంపెనీ నడిపిన సైనిక విద్యాలయంలో చదివి, పదహారేళ్ల వయస్సులోనే ఇంజనీరుగా ఉద్యోగం పొందాడు. కొంతకాలం వేల్స్ ప్రాంతంలో భూమి కొలతల పనిలో శిక్షణ పొంది, 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. తరువాత బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. కోటల మీద దాడులు చేసిన సైనికుడుగా ఆయన పేరు నిలవలేదు. దక్షిణ జిల్లాలలో చెరువుల మరమ్మతు శాఖలో చేసిన ఉద్యోగమే ఆయన జీవితానికి దారి చూపింది. అక్కడే ఆయనకు నీటితో పరిచయం కలిగింది.

1828లో కావేరీ నది సమస్యను పరిశీలించే బాధ్యత కాటన్‌కు అప్పగించబడింది. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండు పాయలుగా చీలుతుంది. దక్షిణపు పాయ కావేరి అన్న పేరుతోనే తంజావూరు పొలాలను తడుపుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం. కొల్లిడం అడుగు పల్లంగా ఉండటం వల్ల నీరు నానాటికీ అటువైపే జారిపోసాగింది. కావేరి పాయ ఇసుకతో పూడిపోతున్నది. తంజావూరు వంటి ధాన్యాగారం ఎండిపోయే పరిస్థితి ఏర్పడింది. కంపెనీ అధికారులు ఏటేటా ఇసుక తీయించేవారు. ఏటేటా అది మళ్లీ పూడిపోయేది.

కొల్లిడానికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్నది అందరికీ తోచే ఉపాయమే. అయితే లోతు తెలియని ఇసుక మీద దానిని ఎలా నిలపాలి? ఐరోపాలో నేర్చిన విద్య ప్రకారం పునాది గట్టినేలకు చేరాలి. చేరని చోట కట్టడమే కూడదు.

కావేరి రెండు పాయలూ మళ్లీ దగ్గరకు వచ్చే చోట, తిరుచిరాపల్లికి దిగువన, కల్లణై అనే కట్ట ఉంది. తమిళంలో ఆ మాటకు రాతికట్ట అని అర్థం. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో చోళరాజు కరికాలుడు దానిని కట్టించాడని ప్రసిద్ధి. పొడవు వెయ్యి అడుగులకు పైమాట. తిన్నని గీతలా కాక, పాము నడకలా వంపులు తిరిగి ఉంటుంది. ఆనాటి తెల్ల ఇంజనీర్లలో పలువురు అటువంటి దేశీయ నిర్మాణాలను చిన్నచూపు చూశారు. బురదమట్టీ బండరాళ్లూ కలిపి పోసిన కుప్పగా వాటిని భావించారు. కాటన్ మాత్రం ఒక సంగతిని తలపోశాడు. పుస్తకాల ప్రకారం నిలవకూడని ఈ కుప్ప శతాబ్దాల వరదలను తట్టుకొని నిలిచే ఉంది. నిలిచి ఉన్నదానికి కారణం ఉండి తీరాలి.

కల్లణైలో ఇసుక పోవడానికి తూములు ఏర్పరచే పని జరిగినప్పుడు ఆ కట్ట కడుపులో ఏముందో చూసే అవకాశం ఆయనకు దొరికింది. అడుగున పెద్దపెద్ద బండలు ఉన్నాయి. వాటి సందులలో బంకమట్టి ఉంది. దాని కింద ఇసుక తప్ప మరేమీ లేదు. పూర్వులు నదిలో బండలు వదిలారు. ప్రవాహం బండ కింది ఇసుకను కోసినకొద్దీ బండ కిందికి దిగింది. దాని మీద మరొకటి వేశారు. అదీ దిగింది. ఇక కదలని లోతుకు రాళ్లు చేరిన తరువాత వాటి మీద కట్ట నిలిచింది. మనిషి తవ్వలేని పునాదిని నదిచేతనే తవ్వించడం ఇందులోని రహస్యం. గట్టినేల దొరకనప్పుడు వెడల్పే బలమవుతుంది. కట్టడం కదలకుండా బిగుసుకొని ఉండటం కంటె, అవసరమైన చోట కొద్దిగా సర్దుకోగలగడం మేలు చేస్తుంది.

లోతు తెలియని వదులు ఇసుకలో పునాది వేసే విద్యను తాము ఈ దేశస్థుల నుంచే నేర్చుకున్నామని కాటన్ తరువాతి కాలంలో నిస్సంకోచంగా ఒప్పుకున్నాడు. మద్రాసు రాజధానిలోని నదీ నిర్మాణాలు అంతగా ఫలించడానికి ఆ పాఠమే కారణమని రాశాడు. పరిపాలకుల పక్షాన ఉన్న ఉద్యోగి, పరిపాలింపబడే జాతిని గురువుగా చెప్పుకోవడం ఆ రోజులలో సామాన్యమైన విషయం కాదు. పైగా ఆ గురువులు ఎవరో ఆయనకు తెలియదు. కల్లణై బండలను మోసినవారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

1836లో కొల్లిడం మీద ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట పూర్తయ్యాయి. తంజావూరు కాలువలలో మళ్లీ నీరు పారింది. అయితే ఈ విజయంలో ఒక పొరపాటు కూడా దాగి ఉంది. ఎగువ ఆనకట్ట కావేరి పాయకు నీటిని మరీ ఎక్కువగా మళ్లించింది. ఇంతకు ముందు పూడిపోయిన పాయ ఇప్పుడు కోతకు గురికాసాగింది. కొద్దికాలానికే కావేరి ముఖద్వారం దగ్గర కూడా అడుగుమట్టాన్ని అదుపు చేసే కట్ట కట్టవలసి వచ్చింది. నదిని ఒకచోట ముట్టుకుంటే మరొకచోట బదులు చెబుతుందన్న సంగతి ఇంజనీర్లకు తెలిసివచ్చింది. కల్లణై నేర్పని పాఠాన్ని కాటన్ సొంత కట్టడమే నేర్పిందన్నమాట.

తరువాత ఆరోగ్యం చెడి కొంతకాలం ఆస్ట్రేలియా ప్రాంతంలో గడిపాడు. అక్కడే 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌ను వివాహం చేసుకున్నాడు. తిరిగి వచ్చిన పిమ్మట తెలుగుదేశంలో ఉద్యోగం లభించింది. విశాఖపట్నంలో సముద్రపు కోతను అరికట్టడానికి ఒడ్డున బండరాళ్లతో అడ్డుకట్టలు వేయించాడు. అక్కడి నుంచి రాజమండ్రి చేరాడు.

నాటి గోదావరి మండలాన్ని నేటి కోనసీమ పచ్చదనంతో పోల్చి ఊహించుకోవడం కష్టం. కొబ్బరితోటలూ అరటితోటలూ వరిచేలూ చూసి పెరిగిన విద్యార్థికి ఆ దృశ్యం నమ్మశక్యంగా తోచదు. నది పక్కనే పారుతున్నా పొలానికి నీరు అందేది కాదు. వానలు లేని ఏడు కరువు. వానలు మితిమీరిన ఏడు వరద. 1832–33లో వచ్చిన ఘోరమైన కరువు తెలుగు జిల్లాలను పీల్చి పిప్పిచేసింది. 1839లో తుపాను, సముద్రపు ఉప్పెన కోరంగి ప్రాంతాన్ని ముంచివేశాయి. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7,38,000. ఇరవై ఏళ్లు గడిచేసరికి అది సుమారు 5,61,000కు పడిపోయింది. తగ్గినవారిలో కొందరు వలసపోయారు. తక్కినవారు ఆకలికి, రోగాలకు బలియైనారు. శిస్తు వసూళ్లు కూడా పడిపోయాయి. కంపెనీని కదిలించినది ప్రధానంగా ఈ చివరి విషయమే అని చెప్పక తప్పదు. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి జిల్లా దుస్థితిని గురించి నివేదిక సమర్పించాడు.

అదే సంవత్సరం కాటన్ గోదావరి ఆనకట్ట కోసం తన మొదటి నివేదికను పంపాడు. మరుసటి ఏడు మరొకటి పంపాడు. అంతకు ముందు ఆయన డెల్టా అంతటా తిరిగి మట్టాలు తీశాడు. గోదావరి డెల్టాను తంజావూరుతో పోల్చి చూపడం ఆయన వాదానికి ఆయువుపట్టు. నేల ఒకే తీరు, నది ఇంకా పెద్దది. అక్కడ పంట ఉంది, ఇక్కడ కరువు ఉంది. భేదమంతా మనిషి కట్టిన కట్టలోనే ఉంది. లండనులోని కంపెనీ డైరెక్టర్ల అనుమతి లభించి 1847లో పని మొదలైంది.

ధవళేశ్వరం స్థలాన్ని ఆయన ఎంచుకున్న తీరులో రూపకర్త ఆలోచన స్పష్టంగా కనిపిస్తుంది. ఆనకట్ట అనగానే నది ఇరుకుగా ఉన్న చోటు వెదకడం సహజం. పొడవు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. కాటన్ అందుకు భిన్నంగా నది అత్యంత విశాలంగా ఉన్న చోటును కోరుకున్నాడు. అక్కడ లంకలతో కలిపి గోదావరి వెడల్పు సుమారు ఆరు కిలోమీటర్లు. వెడల్పుగా పరచుకున్న నీటికి లోతు తక్కువ, వేగం తక్కువ. ఇసుకను కోసే శక్తీ తక్కువే. నడుమనున్న లంకలు నదిని నాలుగు పాయలుగా విడదీస్తాయి కాబట్టి ఒక్కొక్క పాయను విడివిడిగా కట్టుకోవచ్చు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట రూపొందింది. నాలుగింటి కట్టుబడి పొడవు కలిపితే సుమారు 12,000 అడుగులు. రాతికి ధవళేశ్వరం కొండ చేరువలోనే ఉంది. కలప నది మీద తేలుతూ ఎగువ అడవుల నుంచి వచ్చేది. ఉన్న వనరులకు తగినట్లుగా ఆకృతిని మలచడం ఇందులో గమనించదగినది.

ఇక పునాది సంగతి. మన పల్లెలలో నుయ్యి తవ్వి ఒరలు దించడం చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఒరను ఇసుక మీద నిలిపి లోపలి ఇసుకను తోడిపోస్తూ ఉంటే, తన బరువుకు తానే ఒర కిందికి దిగుతుంది. భారతదేశంలో ఇది తరతరాల నుంచి ఉన్న విద్య. ఆనకట్టకు కూడా ఇలాగే ఇటుక బావులను వరుసగా నది అడుగులోకి దించారు. వాటి మీద గోడలు లేపి, నడుమ ఇసుక నింపి, పైన రాతి పలకలతో కప్పారు. నీరు పొర్లి పడే దిగువ వైపున పెద్దపెద్ద బండలను వదులుగా పరిచారు. సున్నంతో వాటిని అతకలేదు. వరద వాటి కింది ఇసుకను కోసుకుపోతే బండలు దిగి ఆ గుంటను తామే పూడుస్తాయి. మరుసటి ఏడు పైన మరికొన్ని బండలు వేస్తే సరిపోతుంది. కల్లణై పాఠం ఇక్కడ కొత్త రూపం ధరించింది. పాత కట్టను చూసి కాటన్ దానికి నకలు తీయలేదు. దాని గుణాన్ని గ్రహించి, కావేరికంటె ఎంతో ఉద్ధృతమైన నదికి తగినట్లు ఒరల బావులతో, నిడుపైన వాలుతలంతో, బండల పరుపుతో జతకూర్చాడు.

పని సాఫీగా సాగలేదు. ఆయన అడిగినంత మంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. అనుభవం లేని యువకులకు, స్థానికులైన పనివారికి పని నేర్పుకుంటూ కట్టవలసి వచ్చింది. రాళ్లు కొట్టేవారు, మట్టి మోసేవారు, తాపీ పనివారు, పడవలవారు కలిసి వేలాదిమంది శ్రమించారు. కూలీలను, సరంజామాను సమకూర్చడంలో వీణం వీరన్న అనే తెలుగువాడు కాటన్‌కు కుడిభుజంగా నిలిచాడు. ఆయనకు ఆ తరువాత రాయ్ బహదూర్ బిరుదు లభించింది. కొండ నుంచి నది దాకా పట్టాలు పరిచి బండ్లమీద రాయి తరలించారు. వేసవిలో కట్టినది వానకాలపు వరదలో కొంత కొట్టుకుపోతే మళ్లీ కట్టారు. ఎండదెబ్బ వల్ల కాటన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. 1848లో ఆయన సెలవు మీద వెళ్లిపోగా కెప్టెన్ ఆర్ పనిని నడిపించాడు. రెండేళ్ల తరువాత తిరిగి వచ్చి కాటన్ మళ్లీ బాధ్యత చేపట్టాడు. 1852లో ఆనకట్ట ముగిసింది. ఖర్చు మొదటి అంచనాను మించిపోయింది.

ఆనకట్ట నీరు కోనసీమలోకి మధ్య డెల్టా కాలువల ద్వారా వచ్చింది. బొబ్బర్లంక వద్ద వాటి ముఖద్వారం ఉంది. అయితే గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న ఈ సీమను వైనతేయం మళ్లీ రెండుగా చీలుస్తుంది. వైనతేయానికి అవతల ఉన్న రాజోలు ప్రాంతానికి నీరు ఎలా చేరాలి? అందుకే గన్నవరం అక్విడక్టు. కాటన్ శిక్షణలో తయారైన లెఫ్టినెంట్ హేగ్ దాని నిర్మాణాన్ని చేపట్టాడు. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులను, ఇసుకలోకి దించిన బావుల మీదనే నిలబెట్టాడు. పని అంతా నదిలో నీరు తగ్గిన కొద్ది నెలలలో, రానున్న వరదతో పందెం వేసినట్లు జరిగింది. కల్లణై దగ్గర గురువు నేర్చినది శిష్యుని చేతిలో నది మీద నడిచే కాలువగా మారింది. వైనతేయం దాటిన ఆ నీటితో రాజోలు సీమ వరిపొలాలు పండాయి. కాలువలు పంటకే కాక ప్రయాణానికీ ఉపయోగపడ్డాయి. లాకులు దాటుతూ పడవలు ఊరూరికీ సరకులు చేరవేశాయి.

ఒక లోపాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి. డెల్టాకు నీటిని తెచ్చినంత శ్రద్ధతో, పొలాలలో నిలిచిన నీటిని సముద్రానికి పంపే మురుగు కాలువల ఏర్పాటు జరగలేదు. పల్లపు నేలలలో ముంపు బాధ తరతరాలుగా కొనసాగింది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం పాటించినప్పుడు వారు చెప్పిన కారణాలలో మురుగునీటి సమస్య కూడా ఒకటి.

కాటన్ ఆలోచనలు అన్నీ ఫలించలేదు. తుంగభద్ర మీద సుంకేశుల వద్ద ఆనకట్టతో, కర్నూలు – కడప కాలువతో ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టిన పథకానికి ఆయన ప్రోత్సాహం ఉంది. అది ఆర్థికంగా విఫలమై, 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చింది. గోదావరి ఎగువన పడవల రవాణా కోసం దుమ్ముగూడెం వద్ద తలపెట్టిన పనులు మధ్యలోనే నిలిచిపోయాయి. రైళ్ల కంటె కాలువలే ఈ దేశానికి మేలని ఆయన పట్టుదలగా వాదించాడు. 1878లో ఇంగ్లండు పార్లమెంటు నియమించిన సంఘం ఎదుట ఆయన అభిప్రాయాలు కఠినమైన ప్రశ్నలకు గురైనాయి. నదులన్నింటినీ కాలువలతో కలపాలన్న ఆయన కోరిక అప్పటివారికి అతిశయంగా కనిపించింది. ఒకచోట ఫలించిన ఉపాయం అంతటా ఫలిస్తుందన్న నమ్మకం ఆయనను కొన్నిసార్లు తప్పుదారి పట్టించిందని భావించవచ్చు. తంజావూరులోను, గోదావరిలోను డెల్టా నేల ఉంది. రైతుకు వరిసాగు అలవాటు ఉంది. కర్నూలు, కడప మెట్టపొలాల స్థితి వేరు.

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1877లో జనరల్ హోదా లభించింది. అప్పటికే ఉద్యోగ విరమణ చేసి స్వదేశం చేరాడు. చివరి సంవత్సరాలు డార్కింగ్ పట్టణంలో గడిచాయి. అక్కడ ఆయన ఊరక కూర్చోలేదు. తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ, దిగుబడి పెంచే మార్గాలను పరీక్షించేవాడు. 1899 జులై 24న తొంభై ఆరేళ్ల వయస్సులో మరణించాడు.

ధవళేశ్వరం వద్ద ఆయన కట్టిన ఆనకట్టను తరువాతి ఇంజనీర్లు ఎత్తు పెంచారు, పైన తలుపులు అమర్చారు. ఇరవయ్యవ శతాబ్దపు చివరి భాగంలో దాని చెంత కొత్త బ్యారేజీ నిర్మించి కాటన్ పేరే పెట్టారు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద ఆ దారినే సముద్రానికి పోయింది. ధవళేశ్వరంలో ఆయన పేర ఒక ప్రదర్శనశాల ఉంది. డెల్టా గ్రామాల కూడళ్లలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహాలు కనిపిస్తాయి. గోదావరి స్నానవేళ సంకల్పంలో ఆయనను స్మరించే పురోహితులు కూడా ఉన్నారు. గన్నవరంలో పాత అక్విడక్టు మీద ఇప్పుడు నీరు లేదు. వానకాలంలో వైనతేయం ఎర్రనీటితో ఉరకలు వేస్తూ ఆ 49 కమానుల కింద నుంచి నేటికీ పోతూనే ఉంది.